దివ్యపవనము

పూర్వము రాజులను చారచక్షువు లనెడివారు. చారులే కన్నులుగా గలవారని ఆ మాటకు అర్థము. రాజు తన కోటలో కూర్చుండియే పొరుగు రాజ్యమున జరుగు సంగతులను తెలిసికొనవలెను. శత్రుసేన ఎంత? ఏ దారిని వచ్చుచున్నది? ఏ రేవున నది దాటును? ఈ వార్తలను తెచ్చువాడు వేగులవాడు. వాని చేత కత్తి యుండుట ముఖ్యము కాదు. చూడగల కన్ను, చూచినదానిని చెప్పుటకు ప్రాణముతో తిరిగి రాగల కాలు, ఈ రెండే వానికి ముఖ్యము.

కాలము మారినకొలది వేగులవాని వాహనమును మారెను. మొదట వాడు కాలినడకను పోయెను; పిమ్మట గుఱ్ఱమెక్కెను. 1794లో జరిగిన ఫ్లూరస్ యుద్ధమున ఫ్రెంచివారు తాళ్లతో కట్టిన బెలూనులో మనుష్యులను పైకి పంపి శత్రుసేనల కదలికలను కనిపెట్టిరి. 1903లో రైటు సోదరులు విమానము నెగురవేసిరి. పదునొకండేండ్లకే మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. ఆ యుద్ధారంభమున విమానములకు అప్పగింపబడిన ముఖ్యమైన పని బాంబులు వేయుట కాదు. ఆకాశమునుండి చూచి వచ్చుట.

మన మిప్పుడు చెప్పుకొనబోవునది అట్టి వేగు విమానము కథ. రెండు ప్రపంచ యుద్ధములకు నడుమ జపాను దేశమున అది పుట్టెను. పుట్టిన రెండేండ్లలోపలనే అది రెండు పనులు చేసెను. ఒక పనిని చూచి లోకమంతయు చప్పట్లు చరచెను. రెండవ పని వేరొక దేశమునకు దుఃఖము తెచ్చెను. యంత్రము ఒక్కటే, పనులు మాత్రము రెండు. ఇట్లేల జరిగినదో తెలియవలెనన్న మొదటినుండి కథ వినవలెను.

జపాను సైన్యము విమానవిద్యను తొలుత పాశ్చాత్యులకడ నేర్చుకొనెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఫ్రాన్సునుండి గురువులను రప్పించుకొనెను. ఆ రోజులలో జపానీయులు విదేశపు విమానములను కొనుచు, వానిని చూచి తామును అట్టివానిని కట్టుచుండిరి. అయితే అనుకరణముతో తృప్తిపడు స్వభావము వారిది కాదు. 1930 తరువాత స్వదేశపు ఇంజనీర్లే స్వతంత్రముగా విమానముల రూపము నిర్ణయించి నిర్మింపవలెనన్న పట్టుదల వారిలో హెచ్చెను.

1935 జూలైలో సైన్యాధికారులు ఒక క్రొత్త కోరిక కోరిరి. అంతకుముందు వేగు విమానము తన సేనను అంటిపెట్టుకొని, యుద్ధరంగముపైననే తిరుగుచుండెడిది. ఇప్పుడు వారు కోరినది అట్టిది కాదు. అది శత్రుదేశము లోపలికి చాల దూరము ఒంటరిగా పోవలెను. రైలుమార్గములు, వంతెనలు, విమానాశ్రయములు, సేనల విడిదులు చూచి, వెంటాడు విమానములకు చిక్కక తిరిగి రావలెను. 3,000 మీటర్ల ఎత్తున గంటకు 450 కిలోమీటర్ల వేగము దానికి ఉండవలెను. ఆనాటికది చిన్న కోరిక కాదు. ఆ కాలమున అనేక దేశముల యుద్ధవిమానములు సయితము అంత వేగముగా పోజాలకుండెను.

ఈ పనిని నగోయా నగరమందలి మిత్సుబిషి విమాన నిర్మాణశాల చేపట్టెను. ఫుమిహికో కోనో, తోమియో కుబో, షోకిచి మిజునో అను ఇంజనీర్లు దీనికి పూనుకొనిరి. వారి ముందున్న ప్రశ్న ఒక్కటే: వేగము ఎట్లు వచ్చును?

ఎదురుగాలిలో గొడుగు విప్పుకొని నడచినవారికి గాలి బలమెంతయో తెలియును. గొడుగు ముడిచినచో నడక తేలికయగును. విమానమునకును ఇట్లే. అది ముందునకు సాగునప్పుడు గాలి దానిని వెనుకకు నెట్టుచుండును. వేగము రెట్టింపైనచో ఈ నిరోధము సుమారు నాలుగు రెట్లగును. కావున ఇంజను బలమును పెంచుట యొక్కటియే చాలదు. గాలికి అడ్డు తగులు భాగములను తగ్గింపవలెను. వేగమును సాధించుట యనగా చాలవరకు అనవసరమైనదానిని తొలగించుటయే.

ఆ కాలపు విమానములు పెక్కింటికి ఒకదానిపై నొకటిగా రెండు జతల రెక్కలు, వాని నడుమ కడ్డీలు, తీగలు ఉండెడివి. కోనో బృందము వారు వీనినన్నిటిని మానివేసిరి. దేహమునకు దిగువ ఒక్క జత రెక్కలనే అమర్చిరి. వానిని నిలబెట్టుటకు బయట కడ్డీ గాని తీగ గాని లేదు. బలమంతయు రెక్క లోపలనే దాగియుండెను. రెక్కల విస్తారము ఈ కొననుండి ఆ కొనకు 12 మీటర్లు. దేహము పొడవు సుమారు ఎనిమిదిన్నర మీటర్లు. ముందు కూర్చుండువాడు విమానమును నడుపును. వెనుక కూర్చుండువాడు చూచును. వారి ఆసనములపై అద్దపు కప్పు ఉండెను. ముక్కున తొమ్మిది సిలిండర్లు నక్షత్రపు కిరణములవలె అమర్చిన 550 అశ్వశక్తి గల ఇంజనొకటి. ఆత్మరక్షణమునకు వెనుకకు గురిపెట్టిన చిన్న మరతుపాకి యొక్కటే. దాని నిజమైన కవచము వేగమే.

ఇచట ఒక విశేషము గలదు. పైకి లేచిన పిమ్మట చక్రములను లోనికి ముడుచుకొను విమానములు అప్పటికే వచ్చియుండెను. అట్లు ముడుచుకొన్నచో గాలి నిరోధము తగ్గును. కాని ఆ యంత్రాంగము బరువైనది, చిక్కైనది; చెడిపోవుటకును అవకాశము గలది. ఇంజనీర్లు లాభనష్టములను తూచి, చక్రములను బయటనే ఉంచి, వానికి నీటిబొట్టు ఆకారముగల నున్నని తొడుగులు తొడిగిరి. క్రొత్తదై యున్నంత మాత్రమున దానిని వారు పైకొనలేదు. పనికి ఎంత కావలెనో అంతయే చేసిరి.

1936 మే నెలలో మొదటి నమూనా విమానము ఆకాశమున కెగసెను. పరీక్షలలో అది గంటకు 480 కిలోమీటర్ల వేగము నందుకొనెను. కోరినదానికంటె 30 కిలోమీటర్లు అధికము! లోపములు లేకపోలేదు. ముందున్న లావైన ఇంజను అడ్డువచ్చుటచే నేలనుండి లేచునప్పుడును దిగునప్పుడును చోదకునికి ముందుదారి సరిగా కనబడకుండెను. అది ఆకాశమున చుట్టు తిరుగవలెనన్న విశాలమైన చోటు కావలసియుండెను. అయినను తిన్నగా, దూరముగా, వేగముగా పోవలసిన పనికి అది తగియున్నదని పరీక్షకులు తేల్చిరి. సైన్యము దానికి ‘కి-15’ అను సంకేతనామ ముంచెను.

ఈ సంగతి టోక్యో, ఒసాకా నగరములనుండి వెలువడు ‘అసాహి షింబున్’ అను ప్రసిద్ధ వార్తాపత్రిక వారి చెవిని పడెను. ఆ పత్రికకు సొంత విమానములు గలవు. దూరయానములనిన దానికి మిక్కిలి మక్కువ. 1925లో ఆ పత్రిక వారు రెండు విమానములను సైబీరియా మీదుగా ఐరోపాకు పంపిరి. అవి ఫ్రాన్సులో తయారైనవి. నగరము నగరమునను దిగుచు తమ యాత్రను ముగించుటకు వానికి మూడు నెలలు పట్టెను. ఇప్పుడు స్వదేశమున పుట్టిన విమానమున, స్వదేశపు ఇంజనుతో, స్వదేశపు చోదకుడు ఐరోపాకు పోగలడా అని వారు ఆలోచించిరి.

ఆ రోజులలో పారిసు, టోక్యో నగరముల నడుమ దూరమును నూరు గంటలలోపల దాటవలెనని ఫ్రెంచి వైమానికులు పట్టుదలతో నుండిరి. 1936 నవంబరులో ఆంద్రే జపీ అను ఫ్రెంచి వీరుడు ఒంటరిగా బయలుదేరి, జపాను నేలను చేరియు, గమ్యము చేరలేకపోయెను. క్యూషూ ద్వీపమున ఆతని విమానము కొండకు కొట్టుకొనెను. గాయపడిన ఆతనిని కొండపల్లెల జనులు వెదకి కాపాడిరి. ఆ మార్గము ఎంత కఠినమైనదో దీనివలన లోకమునకు తెలిసెను.

అసాహి పత్రిక వారు కి-15 నమూనాలలో రెండవదానిని తమ కిమ్మని సైన్యము నడిగిరి. రహస్యముగా ఉంచవలసిన విమానమును లోకమునకు చూపుటకు సైన్యము మొదట సమ్మతింపలేదు, కడకు ఒప్పుకొనెను. 1937 మార్చిలో ఆ విమానము తుపాకి లేకుండ సిద్ధమయ్యెను. పేరు సూచింపవలసినదిగా పత్రిక తన పాఠకులనే కోరెను. ‘కామికాజె’ అను పేరు నిర్ణయమయ్యెను. దివ్యపవనము అని దాని యర్థము. 1274లోను, 1281లోను కుబ్లాయిఖాను నౌకాబలములు జపానుపై దండెత్తి వచ్చినప్పుడు తుపానులు వచ్చి వానిని చెల్లాచెదరు చేసెను. తమ దేశమును కాపాడిన ఆ గాలిని జపానీయులు దివ్యపవనమని పిలిచిరి. ఈ విమానమునకు ఆ పేరు పెట్టునాటికి దానిలో భయంకరమైన ధ్వని లేదు.

ఆ సంవత్సరము మే 12వ తేదీన లండనులో ఆరవ జార్జి చక్రవర్తికి పట్టాభిషేకము జరుగనుండెను. ఆ సందర్భమున స్నేహసూచకముగా ఈ విమానమును లండనుకు పంపుటకు నిశ్చయింపబడెను. నడుపువాడు మసాకి ఈనుమ. ఆతని వయస్సు 24 ఏండ్లు. తోడు వెళ్లువాడు కెంజి త్సుకాగోషి. యంత్రము మంచిచెడ్డలు చూచుట, దారి గుర్తించుట ఆతని పనులు.

ఏప్రిల్ 2వ తేదీన వారు బయలుదేరిరి. కాని దారిలో వాతావరణము ప్రతికూలమయ్యెను. దేశమంతయు తమవైపే చూచుచున్నను, వారు పంతమునకు పోక విమానమును వెనుకకు మరలించిరి. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. ముందునకు పోవుటకు ఒక ధైర్యము కావలెను. అందరును చూచుచుండగా వెనుకకు మరలుటకు అంతకంటె గొప్ప ధైర్యము కావలెను. ఆ దినమున వారు మరలకుండినచో ఈ కథ అక్కడనే ముగిసియుండెడిదేమో!

ఏప్రిల్ 6వ తేదీ వేకువన, రెండు గంటలు దాటిన కొన్ని నిమిషములకు, టోక్యో చేరువనున్న తచికావా విమానాశ్రయమునుండి వారు మరల బయలుదేరిరి. ఒకమారు నింపిన ఇంధనముతో ఆ రకపు విమానము సుమారు 2,400 కిలోమీటర్లు పోగలదు. కావున త్రోవలో పెక్కు చోట్ల దిగవలసియుండెను. తైపే, హనోయి, వియన్‌త్యాన్ నగరములను దాటి వారు మన కలకత్తాకు వచ్చిరి. అచటినుండి ఉత్తర భారతము మీదుగా పడమటికి సాగి, అప్పుడు అవిభక్త భారతదేశమున నుండిన కరాచీని చేరిరి. పిమ్మట బస్రా, బాగ్దాదు, ఏథెన్సు, రోము, పారిసు. అడవులు, సముద్రములు, ఎడారులు, పర్వతములు ఒకదాని వెనుక నొకటి వారి రెక్కల క్రింద గడచిపోయెను.

ఆనాడు దారి చూపుటకు ఉపగ్రహములు లేవు, రాడారు లేదు. పటము, దిక్సూచి, గడియారము, క్రింద కనబడు నదులు, తీరరేఖలు, ఇవియే ఆధారము. ఇంజను ఒక్కటే, అది ఆగినచో వేరొకటి లేదు. ఇద్దరే మనుష్యులు, ఒకరు అలసినచో మూడవవాడు లేడు.

ఏప్రిల్ 9వ తేదీ మధ్యాహ్నము మూడున్నర గంటలకు దివ్యపవనము లండను నగరపు క్రాయిడన్ విమానాశ్రయమున దిగెను. గుంపులు గుంపులుగా జనులు వచ్చి ఆ యువకులకు స్వాగతము పలికిరి. లెక్క చూడగా తచికావా విడిచిన క్షణమునుండి లండను చేరువరకు పట్టిన కాలము 94 గంటల 17 నిమిషముల 56 సెకనులు. దాటిన దూరము 15,357 కిలోమీటర్లు. ఆకాశమున ఎగిరినది 51 గంటలకు కొంచె మెక్కువ. మిగిలిన 43 గంటలు నేలమీద గడచినవి. ఇంధనము నింపుట, ఇంజనును పరిశీలించుట, ఆహారము, నిద్ర అన్నియు ఆ కొద్ది కాలములోనే. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఈ యాత్రను రికార్డుగా గుర్తించెను. జపానీయులు సాధించిన అట్టి అంతర్జాతీయ రికార్డులలో ఇదియే మొదటిది.

ఇరువురును తమ దేశమున వీరులైరి. పాశ్చాత్యులు సయితము ఆశ్చర్యపడిరి. పండ్రెండేండ్లక్రితము ఫ్రెంచి విమానములపై మూడు నెలలకు ఐరోపా యాత్ర ముగించిన జాతి, తాను కట్టిన విమానమున నాలుగు దినములలో లండను చేరినది. ఈ పురోగతి ఒక్కనాడు వచ్చినది కాదు. చూచి నేర్చుకొనుట, నేర్చినదానిని ప్రశ్నించుట, స్వంతముగా ఆలోచించుట వలన వచ్చినది. ఇంతవరకు ఈ కథ ఆనందదాయకము.

ఇప్పుడు రెండవ భాగము.

దివ్యపవనము మే నెలలో స్వదేశమునకు తిరిగివచ్చెను. ఆ నెలలోనే సైన్యము ఆ జాతి విమానములను తన సేవకు స్వీకరించెను. జపానీయుల శకము ననుసరించి అది 2597వ సంవత్సరము. అందుచే వానికి 97వ రకపు వేగు విమానములని పేరు వచ్చెను. రెండు నెలలు గడచెనో లేదో, జూలై 7వ తేదీ రాత్రి, పెకింగు నగరము చేరువనున్న మార్కోపోలో వంతెనకడ జపాను, చైనా సైనికుల నడుమ కాల్పులు చెలరేగెను. అది మహాయుద్ధముగా మారెను. జపాను సేనలు చైనా లోపలికి చొచ్చుకొనిపోయెను. నగరములపై బాంబులు పడెను. లక్షలకొలది ప్రజలు ఇండ్లు వాకిళ్లు విడిచి వలసపోయిరి.

ఆ దండయాత్రలో కి-15 విమానములు తాము ఏ పనికై పుట్టెనో ఆ పని చేసెను. అవి చైనా దేశము లోపలికి చాల దూరము పోయి, ఛాయాచిత్రములు తీసి తెచ్చుచుండెను. వేగముగల రష్యను యుద్ధవిమానములు చైనాకు వచ్చువరకు వానిని అడ్డగించుట దాదాపు సాధ్యము కాలేదు. 1939లో 900 అశ్వశక్తి ఇంజనుతో, గంటకు 510 కిలోమీటర్ల వేగముతో రెండవ తరగతి కి-15లు సేవలో చేరెను. వేగు విమానము తాను బాంబు వేయలేదు. కాని బాంబు ఎక్కడ వేయవలెనో చూచి వచ్చెను. ఏప్రిల్‌లో లండను ప్రజల చప్పట్లు అందుకొన్న రెక్కలే, కొన్ని నెలలకు చైనా ప్రజలకు వణుకు పుట్టించెను. ఇంజను మారలేదు, రెక్కలు మారలేదు, నీటిబొట్టు తొడుగులును మారలేదు. మారినది పంపినవారి ఉద్దేశము మాత్రమే.

ఆ ఇద్దరు యువవీరుల గతి యేమయ్యెను? 1941 డిసెంబరులో జపాను ఆగ్నేయాసియాపై యుద్ధము మొదలిడిన కొలది దినములకే, ఫ్నోంపెన్ విమానాశ్రయమున తిరుగుచున్న ప్రొపెల్లరు తగిలి ఈనుమ మరణించెను. అప్పటికి ఆతని వయస్సు 29 ఏండ్లు. సముద్రములను, ఎడారులను దాటించిన చోదకుడు నేలమీద నిలిచియుండగా మృత్యువు వాత పడెను. 1943 జూలై 7వ తేదీన ఒక దూరయాన విమానము సింగపూరునుండి ఐరోపాకు యుద్ధకార్యమున బయలుదేరెను. త్సుకాగోషి అందు నుండెను. హిందూమహాసముద్రముపై అది అదృశ్యమయ్యెను, మరల కనబడలేదు.

ఆ పేరునకును అట్టి గతియే పట్టెను. 1944 అక్టోబరులో జపాను సైనికాధికారులు, విమానముతో సహా శత్రునౌకలపై పడి ప్రాణములు విడుచు యువకుల దళములకు దివ్యపవనము పేరు పెట్టిరి. నాటినుండి కామికాజె యనగా లోకమునకు స్ఫురించునది ఆత్మాహుతియే గాని, లండను చేరిన స్నేహయాత్ర కాదు. యుద్ధము ముగియు రోజులలో మిగిలియున్న కి-15లు కొన్ని ఆ దాడులకే వినియోగింపబడెను. చూచి తిరిగివచ్చుటకై పుట్టిన విమానము, తిరిగిరాని యాత్రకు పంపబడెను. వేగులవానికి ఇంతకంటె విపరీతమైన ఆజ్ఞ వేరొకటి యుండునా?

విద్యార్థులారా! ఈ కథను విని, విజ్ఞానమే చెడ్డదని కొందరనవచ్చును. అది సరికాదు. కోనో, కుబో, మిజునోల నేర్పు మెచ్చదగినదే. ఈనుమ, త్సుకాగోషిల సాహసము మెచ్చదగినదే. మరికొందరు, యంత్రము చేసినవారికిని నడిపినవారికిని దాని వినియోగముతో పని లేదనవచ్చును. అదియును సరికాదు. కన్ను చూచును, చూచినదానితో ఏమి చేయవలెనో నిర్ణయించునది మనస్సు. పూర్వపు రాజులకు చారులు కన్నులైనను, ఆ వార్తలతో రాజ్యమును కాపాడిన రాజులుండిరి. పొరుగువాని పొలమును తగులబెట్టిన రాజులునుండిరి.

నేడు ఆకాశమున చూచు కన్నులు వేలకొలది గలవు. తుపాను రాకను ముందుగా చూచి తీరగ్రామముల జనులను కాపాడునవియు అవియే. శత్రువు ఇల్లెక్కడనో చూపునవియు అవియే. రేపు అట్టి కన్నులను నిర్మించువారు, నడుపువారు మీలోనే ఉందురు. ఆనాడు ఏప్రిల్ 2వ తేదీన వెనుకకు మరలిన ఆ ఇద్దరిని తలచుకొనుడు. ఎగురుట నేర్చుకొనవలసినదే. ఎప్పుడు మరలవలెనో, ఎందులకు ఎగురరాదో, అదియును నేర్చుకొనవలెను.

ప్రశ్నలు

1. రాజులను చారచక్షువులని యేల పిలిచిరి?
2. విమానమునకు వేగము వచ్చుటకై ఇంజనీర్లు ఏయే మార్పులు చేసిరి? చక్రములను ముడుచుకొను ఏర్పాటును వారేల విడిచిరి?
3. తచికావానుండి లండను వరకు దివ్యపవనము పోయిన మార్గమును భూగోళ పటమున గుర్తింపుము.
4. 94 గంటలలో ఆకాశమున గడచిన కాలమెంత? నేలమీద గడచిన కాలమెంత? నేలమీది కాలము దేనికి ఉపయోగపడినది?
5. “చూచి తిరిగివచ్చుటకై పుట్టిన విమానము, తిరిగిరాని యాత్రకు పంపబడెను.” సందర్భమును వివరించి, నీ అభిప్రాయమును వ్రాయుము.